ఉప్పుగాలిలో సైకిల్

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున బీచ్ రోడ్డు మీద తిరగాల్సినవాళ్లు ఇక్కడికొచ్చి కూర్చున్నారు కాబట్టి సుత్తి కొట్టకుండా విషయంలోకి వచ్చేస్తాను.

మన విశాఖలో సైకిల్‌కి వానకంటే ఉప్పుగాలితోనే ఎక్కువ బాధ. వానకు తడిస్తే కనిపిస్తుంది, తుడిచేస్తాం. ఉప్పు కనిపించదు. సముద్రం మీంచి వచ్చే సన్నటి తుంపరతో చువ్వల మీద, బోల్టుల మీద, చైన్ మీద పేరుకుంటుంది, గాలిలోని చెమ్మను లాక్కుంటుంది. అందుకే బాల్కనీలో ఊరికే నిలబెట్టిన సైకిల్ కూడా ఇక్కడ తుప్పు పడుతుంది. కవర్ కప్పాం కదండీ అంటారు. గాలాడని ప్లాస్టిక్ కవర్ కింద చెమ్మ ఇంకా నిలిచిపోతుంది.

కాబట్టి బీచ్ వైపు వెళ్లొచ్చాక మంచినీళ్లతో కడగండి. బకెట్, మగ్గు, గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త, ఒక స్పాంజి చాలు. కారు కడిగే ప్రెషర్ గన్ మాత్రం వద్దు. చక్రాల ఇరుసుల్లో బాల్ బేరింగులు గ్రీజులో తిరుగుతుంటాయి. ఆ ధాటికి నీళ్లు లోపలికి దూరి గ్రీజును పాడుచేస్తాయి. కడిగాక పాత కాటన్ బనియన్‌తో తుడవండి. వేలకు వేలు పెట్టి కొన్న కిట్లలో అంత మంచి గుడ్డ నేనింతవరకూ చూడలేదు.

ఇక చైన్. కిర్రుమంటే నూనె పోయడం, మళ్లీ కిర్రుమంటే మళ్లీ పోయడం మనవాళ్ల అలవాటు. పాత నూనెకు ఇసుక అంటుకుని ఉంటుంది. దాని మీదే కొత్త నూనె పోస్తే ఆ ముద్ద సానరాయిలా చైన్‌ని అరగదీస్తుంది. ముందు కిరసనాయిలు గానీ జిడ్డు వదిలించే డీగ్రీజర్ గానీ తడిపిన గుడ్డతో చైన్‌ని పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పండి. సందుల్లో పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. పూర్తిగా ఆరాక ఒక్కో కణుపుకి ఒక్కో చుక్క నూనె వేసి, పెడల్ కాసేపు తిప్పి, పైన మిగిలిందంతా తుడిచేయండి. నూనె పని చేయాల్సింది కణుపుల మధ్య తిరిగే చిన్న రోలర్ల లోపల. పైన మెరుస్తున్నదంతా దుమ్ముని పిలవడానికే.

ఏ నూనె అంటారా? సైకిల్ షాపులో అమ్మే చైన్ లూబ్ మంచిది. కుట్టుమిషన్ నూనె పలచన, వానకు నిలవదు. కొబ్బరినూనె వద్దే వద్దు. డిసెంబరులో అరకు వెళ్లారంటే చైన్ మీదే గడ్డకడుతుంది! తుప్పు వదిలించే స్ప్రే బిగుసుకున్న బోల్టుకి భేష్, చైన్‌కి మాత్రం నూనె బదులు అది చాలదు.

చైన్ ఎప్పుడు మార్చాలో ఇంట్లో ఉన్న స్టీలు స్కేలే చెబుతుంది. పిన్నుకీ పిన్నుకీ మధ్య అర అంగుళం. ఒక పిన్ను నడిమధ్య సున్నా పెడితే, దాన్ని లెక్కలో కలపకుండా అక్కణ్ణుంచి 24వ పిన్ను నడిమధ్య సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు, అంటే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు దాటిందా, చైన్ మార్చేయండి. బద్ధకిస్తే అరిగిన చైన్ పళ్లచక్రాలని కూడా తినేస్తుంది. అప్పుడు ఖర్చు చైన్‌తో పోదు.

బ్రేకుల సంగతి: రబ్బరు మీద గాడులు అరిగి నున్నగా అయితే మార్చాలి, ఇరుక్కున్న ఇసుకరేణువుల్ని పిన్నీసుతో తీసేయాలి. రిమ్ముకి గానీ డిస్కుకి గానీ నూనె తగలనివ్వకండి. టైరులో ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. గాలి తక్కువైతే గుంటలో పడ్డప్పుడు ట్యూబ్ రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి ఇంకొక్కటి. ఏడాదికోసారి స్టీలు సీటు గొట్టం, పెడళ్లు ఊడదీసి గ్రీజు రాసి బిగించండి. లేకపోతే తుప్పుకి అతుక్కుపోయి, తర్వాత పానా విరిగినా రావు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, కుడివైపుకి తిప్పితేనే వదులవుతుంది.

స్కేలు, గుడ్డలు ఈ బల్ల మీదున్నాయి. మీ సైకిళ్లు ఒక్కొక్కటే తీసుకురండి, ముందు చైన్లు కొలుద్దాం.