ముందు మెట్లు లెక్కపెట్టండి, తర్వాత స్లైడర్ జరపండి

వేదిక మీది పెద్దలకు, సివిల్, ఆర్కిటెక్చర్ విద్యార్థులకు నమస్కారం. శాలువాలు, జ్ఞాపికలు పూర్తయ్యేసరికి నాకిచ్చిన సమయంలో సగం అయిపోయింది. కొలతలను నియమాలతో ముడిపెట్టి, ఒకటి మారిస్తే మిగతావి వాటంతటవే మారేలా కంప్యూటర్‌లో నమూనా గీయడమే పారామెట్రిక్ మోడలింగ్. దాని చరిత్రంతా చెప్పను. సిడ్నీ ఒపేరా హౌస్ ఒక్కటి చాలు. 1957 పోటీలో నెగ్గిన ఆర్కిటెక్ట్ యూట్జోన్ బొమ్మల్లో ఆ పైకప్పు గవ్వలకు కచ్చితమైన జ్యామితి లేదు. ఇంజినీర్లు పారాబోలాలతో, ఎలిప్స్‌లతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. గవ్వలన్నీ 75 మీటర్ల వ్యాసార్థమున్న ఒకే గోళంలోంచి కోసిన ముక్కలై ఉండాలన్న నియమం 1961లో కుదిరింది. అప్పుడుగానీ గవ్వల కాంక్రీటు పక్కటెముకలను అవే అచ్చుల్లో మళ్లీ మళ్లీ పోసే దారి దొరకలేదు. అప్పటికి ఇలాంటి నమూనాలు గీసే గ్రాస్‌హాపర్, డైనమో సాఫ్ట్‌వేర్లు లేవు, నియమం మాత్రం ఉంది.

మరి మీ ప్రాజెక్టుల్లో? తెర నిండా స్లైడర్లే, అంటే జరిపితే అంకె మారే మీటలే. అంతస్తు ఎత్తుకొకటి, రైజర్‌కు (ఒక్కో మెట్టు ఎత్తుకు) ఒకటి, మెట్ల సంఖ్యకొకటి. ఈ మూడింటిలో రెండు తెలిస్తే మూడోది దానంతటదే రావాలి కదా! మూడింటికీ స్లైడర్ పెట్టారంటే మీ మోడల్‌కు అబద్ధం చెప్పే అనుమతి ఇచ్చినట్టే.

మెట్లంటే చిన్న విషయమని నవ్వకండి. నియమం ఇది: అంతస్తు ఎత్తును గరిష్ఠ రైజర్‌తో భాగించి, పై పూర్ణాంకానికి పెంచితే రైజర్ల సంఖ్య. ఎత్తును ఆ సంఖ్యతో మళ్లీ భాగిస్తే అసలు రైజర్. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్లకు 190 మిల్లీమీటర్ల వరకు ఒప్పుకుంటుంది, మనం 150 పెట్టుకుందాం. ఎత్తు 3300 అయితే 22 రైజర్లు. మధ్యలో ల్యాండింగ్ దగ్గర వెనక్కి తిరిగే డాగ్ లెగ్డ్ మెట్లలో ఒక్కో వరుసకు, అంటే ఫ్లయిట్‌కు, 11 రైజర్లు, 10 ట్రెడ్లు (కాలు పెట్టే పలకలు); ఆఖరి రైజర్ ఎక్కితే ల్యాండింగే. ట్రెడ్ 250 అనుకుంటే ఫ్లయిట్ పొడవు 2500. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు అదే ఎత్తును మీటర్లలో, పై అంతస్తు లెవెల్ (నేల మట్టం) లోంచి కింది అంతస్తు లెవెల్ తీసివేసి తెప్పించండి. వెనక వరుస వాళ్లు కూడా ల్యాప్‌టాప్ తెరవండి. ఫోన్ క్యాలిక్యులేటర్ వద్దు, అది గుండ్రం చేసి చూపిస్తుంది. పైథాన్‌లో 9.9 లోంచి 6.6 తీసేయండి. 3.3 రాదు, 3.3000000000000007 వస్తుంది. దాన్ని 0.15తో భాగించి పై పూర్ణాంకానికి పెంచితే 23! కింది అంతస్తులో 6.6 లోంచి 3.3 తీస్తే సరిగ్గా 3.3 వస్తుంది కాబట్టి అక్కడ 22. రెండు అంతస్తుల ఎత్తూ ఒకటే, మెట్లు మాత్రం వేరు. తెర మీద చూస్తే ఎవరికీ కనపడదు.

సైట్‌లో మాత్రం కనపడుతుంది. రైజర్ 143.5కు దిగుతుంది. ఒక ఫ్లయిట్‌లో 11 రైజర్లు, ఇంకోదాంట్లో 12. పెద్ద ఫ్లయిట్ 2750కి పెరిగి 1200 ల్యాండింగ్‌ను 950కి తినేస్తుంది. కింది ఫ్లయిట్‌కు 11 వస్తే ల్యాండింగ్ 72 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది, దాంతో ల్యాండింగ్ బీమూ జారుతుంది. కింది అంతస్తు సెంట్రింగ్ పైన కూర్చోదు. మేస్త్రీ ఫోన్ చేసేది అప్పుడే. మందు సులువు: లెవెల్స్‌ను మిల్లీమీటర్లలో పూర్ణాంకాలుగా ఉంచండి, లేదా పైకి పెంచే ముందు 0.001 తగ్గించండి.

మన ఇళ్లలో బేసి మెట్లే కావాలంటారు కాబట్టి 23 చూసి వాస్తు పండితుడు సంతోషిస్తాడేమో! నవ్వండి, కానీ అదీ నియమమే. ఇంటివాళ్లు అడిగితే మోడల్‌లో విడిగా రాయండి. లెక్కపెట్టేది రైజర్లనా ట్రెడ్లనా అని ముందే అడిగి రాయండి, లేకపోతే స్లాబు పడ్డాక తగవు.

నేను బీముల గురించి మాట్లాడాలని వచ్చాను, మెట్లు మింగేశాయి. త్వరగా చెప్తాను. కాంక్రీటు కట్టడాల కోడ్ ఐఎస్ 456లో స్పాన్‌కు (ఆధారాల మధ్య దూరానికి), ఎఫెక్టివ్ లోతుకు (పై అంచు నుంచి కింది స్టీలు వరకు లోతుకు) నిష్పత్తి ఒక చివరే ఆధారమున్న కాంటిలివర్‌కు 7, రెండు చివర్ల ఊరికే ఆనించిన సింప్లీ సపోర్టెడ్‌కు 20, వరుస ఆధారాల మీదుగా సాగే కంటిన్యువస్‌కు 26. ఇవి 10 మీటర్ల వరకే. అది దాటితే 20నీ 26నీ పదిని స్పాన్‌తో భాగించి గుణించాలి. స్టీలు పరిమాణాన్ని బట్టి చేసే సవరణ పక్కన పెడితే, 12 మీటర్ల సింప్లీ సపోర్టెడ్ బీముకు 600 కాదు, 720 కావాలి. ఆ షరతు రాయని మోడల్ తప్పు చూపిస్తూ ఎర్రగా మారదు, నిశ్శబ్దంగా 120 మిల్లీమీటర్లు తగ్గించి ఇస్తుంది.

ఇంకో చిక్కు. మెట్ల పొడవు పెరిగితే పక్క బీము స్పాన్, దాంతో లోతు పెరుగుతాయి. కోడ్ అడిగే 2.2 మీటర్ల హెడ్‌రూమ్, అంటే కింద నడిచేవాళ్ల తలకు ఉండాల్సిన ఖాళీ, తగ్గుతుంది. అంతస్తు ఎత్తు పెంచితే మెట్లు పెరిగి, పొడవు మళ్లీ మొదటికే. ఇలా ఫలితాన్ని మళ్లీ మొదటికే కలిపే తీగను గ్రాస్‌హాపర్ ఒప్పుకోదు. ప్లగిన్‌తో బలవంతంగా తిప్పితే, బీము లోతు 50 మిల్లీమీటర్ల చొప్పున మారుతుంది కాబట్టి రెండు జవాబుల మధ్య ఊగుతూ ఉండిపోవచ్చు. అంతస్తు ఎత్తును మనిషి నిర్ణయించాలి. హెడ్‌రూమ్‌ను లెక్కించి తెప్పించకండి, తనిఖీగా పెట్టండి. తప్పితే ఎర్ర రంగు రావాలి.

మోడల్ అప్పగించే ముందు 9.99, 10, 10.01 మీటర్ల స్పాన్లు పెట్టి చూడండి. అంతస్తు ఎత్తు సున్నా కూడా పెట్టండి. ప్రతి నియమం పక్కన ఏ కోడ్, ఏ క్లాజు, ఏ సంవత్సరం ప్రతి అన్నది రాయండి. గంట కొట్టారు, ప్రశ్నలు అడగండి. వాస్తు ప్రశ్నలు మాత్రం టీ దగ్గర.