స్పామ్ బటన్ నొక్కిన పాఠకుడు ఏం చెబుతున్నాడు?

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లంతా న్యూస్‌లెటర్లు నడిపేవాళ్లే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

వారమంతా కూర్చుని రాసి, దిద్ది, పంపిన సంచికను ఎవరో తెరుస్తారు, 'ఇది స్పామ్' అని నొక్కేస్తారు. ఆ సంగతి తెలియగానే మనసు చివుక్కుమంటుంది. నాకు మొదటి ఫిర్యాదు వచ్చిన రోజు ఆ పాఠకుడికి జవాబు రాయడానికి కూర్చున్నాను. "మీరే కదండీ మీ చేతులతో చేరింది, స్పామ్ అంటే ఎలా?" అని సగం రాశాను కూడా. పంపకుండా ఆగాను, మంచి పని చేశాను. ఫిర్యాదు చేసినవాళ్లకు ఎప్పుడూ తిరిగి మెయిల్ రాయకండి. సంజాయిషీ వద్దు, క్షమాపణ కూడా వద్దు. మీ మెయిల్ వద్దన్న మనిషికి ఇంకో మెయిల్ పంపడం రెండో తప్పు. ఆ చిరునామాను వెంటనే లిస్టులోంచి తీసేయడమే మనం ఇవ్వగలిగిన జవాబు.

ఆ బటన్ నొక్కేవాళ్లలో చాలామంది మనల్ని మోసగాళ్లు అనుకోరు. 'ఇక చాలు' అంటున్నారు, అంతే. ఆ మాట చెప్పడానికి మనం పెట్టిన దారి ఎలా ఉందో ఒకసారి పాఠకుడి ఫోన్‌లో చూడండి. మెయిల్ అడుగున, లేత బూడిదరంగులో, చీమ తలంత అక్షరాల్లో అన్‌సబ్‌స్క్రైబ్ లింకు. నొక్కితే లాగిన్ అడుగుతుంది. పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది? దాన్ని దాటితే 'ఎందుకు వెళ్తున్నారు' అని ప్రశ్నలు. స్పామ్ బటనేమో పైనే ఉంటుంది, ఏమీ అడగదు. తలుపు దొరకని మనిషి కిటికీలోంచి దూకాడని కోప్పడితే ఏం లాభం?

నా చేతులారా జరిగిన ఒక తప్పు చెబుతాను. ఒకప్పుడు మేం మెయిల్ పంపే సర్వీసు మార్చాం. పాతదాంట్లోంచి లిస్టును ఫైలుగా దించుకుని కొత్తదాంట్లోకి ఎక్కించాం. ఆ ఫైల్లో ఒక్కో వరుసలో ఒక్కో చిరునామా, దాని పక్క కాలమ్‌లో ఆ పాఠకుడు ఉన్నాడా, మానేశాడా అన్న వివరం. నేను చిరునామాల కాలమ్ ఒక్కటే ఎక్కించాను. దాంతో ఎప్పుడో మానేసినవాళ్లందరికీ మర్నాటి సంచిక వెళ్లిపోయింది. ఫిర్యాదులు వరసపెట్టి వచ్చాయి. ఒకావిడ మాత్రం ఫిర్యాదుతో ఆగకుండా జవాబు రాశారు: "రెండుసార్లు వద్దన్నాను. ఇంకెలా చెప్పాలి?" ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. అప్పటినుంచి, వద్దన్నవాళ్ల చిరునామాలు మా దగ్గర విడిగా ఒక జాబితాలో ఉంటాయి. ఏ కొత్త లిస్టు వచ్చినా ముందు దానితో సరిచూసుకున్నాకే పంపుతాం. సర్వీసు మారినా, మనుషులు మారినా ఆ జాబితా మాత్రం మాతోనే వస్తుంది.

ఇక లెక్కలు. గూగుల్, యాహూ 2023 అక్టోబరులో కొత్త నిబంధనలు ప్రకటించి, 2024 ఫిబ్రవరి నుంచి అమల్లోకి తెచ్చాయి. జీమెయిల్ చిరునామాలకు రోజుకు దాదాపు 5,000 మెయిల్స్ లేదా అంతకంటే ఎక్కువ పంపేవాళ్లు, మెయిల్ నిజంగా తమ దగ్గరినుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ఏర్పాట్లూ పెట్టుకోవాలి, ఒక్క నొక్కుతో మానేసే వీలు ఇవ్వాలి. స్పామ్ ఫిర్యాదుల రేటు 0.3 శాతానికి చేరకూడదు. 0.1 శాతం లోపే ఉంచుకోమని గూగుల్ సలహా. అంటే ఇన్‌బాక్స్‌కు చేరిన వెయ్యి మెయిల్స్‌లో మూడు ఫిర్యాదులొస్తే గీత దగ్గరికి వచ్చేసినట్టే. చిన్న లిస్టులకు ఇది ఇంకా కష్టం. 400 మందికి పంపితే ఇద్దరు నొక్కినా అర శాతం. అందుకని ఒక్కరోజు అంకె చూసి బెంబేలు పడకండి, కొన్ని వారాలపాటు అది ఎటు నడుస్తోందో చూడండి.

ఎవరు నొక్కారో జీమెయిల్ చెప్పదు. మెయిల్ పంపేవాళ్ల కోసం గూగుల్ పెట్టిన పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో మొత్తం రేటు మాత్రమే చూపిస్తుంది, మెయిల్స్ మరీ తక్కువైతే అదీ చూపించకపోవచ్చు. యాహూ, మైక్రోసాఫ్ట్ మాత్రం ఫీడ్‌బ్యాక్ లూప్‌లో, అంటే ఫిర్యాదులను పంపినవాళ్లకు తెలియజేసే ఏర్పాటులో, నమోదు చేసుకుంటే ఒక్కో ఫిర్యాదునూ పంపిస్తాయి. చాలామంది తరఫున ఆ పని మెయిల్ సర్వీసే చేస్తుంది. మీ సర్వర్ మీదే అయితే మీరే చేసుకోవాలి. వచ్చే రిపోర్టులో పాఠకుడి చిరునామా చెరిపేసి ఉండొచ్చు. కాబట్టి ప్రతి మెయిల్ హెడర్‌లో, అంటే మెయిల్‌తోపాటు వెళ్లే సాంకేతిక వివరాల భాగంలో, ఆ పాఠకుణ్ని గుర్తుపట్టే మన సొంత నంబరు ఒకటి ముందే పెట్టుకోవాలి. లేకపోతే ఎవరో ఫిర్యాదు చేశారని తెలుస్తుంది, ఎవర్ని తీసేయాలో తెలియదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఫిర్యాదులు సున్నాకు పడిపోతే సంబరపడిపోతారు. మన మెయిల్స్ నేరుగా స్పామ్ ఫోల్డర్‌లోకే పోతుంటే, 'ఇది స్పామ్' అని నొక్కాల్సిన అవసరం ఎవరికుంటుంది? ఫిర్యాదులతోపాటు లింకులు నొక్కేవాళ్లు, జవాబులు రాసేవాళ్లు కూడా తగ్గిపోయారంటే, అది రోగం ముదిరిన లక్షణం.

ఫిర్యాదు రాగానే చిరునామా తీసేశాక నేను మూడు సంగతులు చూస్తాను: ఆ పాఠకుడు ఎప్పుడు చేరాడు, ఎక్కడినుంచి చేరాడు, ఏ సంచికకు నొక్కాడు. మొదటి మెయిల్‌కే ఫిర్యాదులొస్తుంటే వాళ్లు అసలు అడిగి చేరలేదన్నమాట. ఏ ఫారంలోనో ముందే టిక్కు పెట్టిన గడి ఉండి ఉంటుంది, లేదా ఎవరో వాళ్ల చిరునామా ఇచ్చి ఉంటారు. మెయిల్ పంపి, అందులోని లింకు నొక్కి ఖాయం చేసినవాళ్లనే చేర్చుకుంటే ఈ బాధ చాలావరకు పోతుంది. లిస్టు నెమ్మదిగా పెరుగుతుంది, పెరగనివ్వండి. నెలల తరబడి పంపక పంపక ఒక్కసారి పంపినప్పుడు వస్తే, మనల్ని మర్చిపోయారు. పంపినవారి పేరు మార్చినప్పుడు వస్తే, గుర్తుపట్టలేదు. ఇలాంటప్పుడు మొదటి వాక్యంలోనే 'మీరు ఫలానా చోట చేరారు, అందుకే ఇది వచ్చింది' అని చెప్పి, పక్కనే మానేసే లింకు పెట్టడం నాకు బాగా పనిచేసింది.

మానేసే ఏర్పాటులో ఒక మెలిక ఉంది. కొన్ని సంస్థల భద్రతా ప్రోగ్రాములు మెయిల్ పాఠకుడికి చేరకముందే అందులోని లింకులన్నీ తెరిచి పరీక్షిస్తాయి. తెరిస్తే చాలు పేరు పోయేలా లింకు పెడితే, పాఠకుడికి తెలియకుండానే అతని పేరు పోతుంది. అందుకే 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8058 అనే ఇంటర్నెట్ ప్రమాణం ప్రకారం ఒక్క నొక్కు పద్ధతిలో హెడర్‌లోని మానేసే లింకుకు పోస్ట్ రిక్వెస్ట్, అంటే పేజీని తెరవడం కాకుండా 'ఈ పని చెయ్యి' అని చెప్పే సందేశం, వెళ్లాలి. ఉత్తినే తెరిస్తే ఏమీ జరగకూడదు. వద్దన్నవాళ్లను రెండు రోజుల్లో తీసేయాలని గూగుల్, యాహూ నిబంధన. అమెరికా చట్టం పది పనిదినాలు ఇస్తుంది గానీ ఆ గడువు వాడుకోకండి. వద్దన్నాక కూడా తర్వాతి సంచిక వెళ్తే, ఈసారి అన్‌సబ్‌స్క్రైబ్ కోసం వెతకరు, స్పామే నొక్కుతారు.

మా న్యూస్‌లెటర్‌లో ఇప్పుడు మానేసే లింకు అడుగునే కాదు, పైన కూడా ఉంది. మామూలు సైజు అక్షరాల్లో, 'ఇక వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి' అని. పెట్టిన కొత్తలో మానేసేవాళ్లు పెరిగారు, భయపడ్డాను. ఫిర్యాదులు తగ్గాయి. కొన్ని నెలల తర్వాత, మానేసినవాళ్లలో కొందరు తమంతట తామే తిరిగొచ్చి చేరారు.

మీకొచ్చిన ఫిర్యాదుల్లో అంతుపట్టనివి ఉంటే ఇప్పుడు చెప్పండి, కలిసి చూద్దాం.