గార తీసే చేతులకు ఇంకేం పనులున్నాయి?

శ్రోతలకు నమస్కారం.

పళ్లు క్లీనింగ్ చేయించుకున్నవాళ్లకు ఆ కుర్చీ గుర్తుంటుంది, నీళ్లు చిమ్ముతూ కీచుమనే మిషనూ గుర్తుంటుంది. దాన్ని పట్టుకున్న మనిషి చాలామందికి గుర్తుండదు. డాక్టరుగారు కాకపోతే ఆ మనిషి డెంటల్ హైజీనిస్టు అయి ఉంటుంది. ఇంటర్ తర్వాత రెండేళ్ల కోర్సు చదివి చేసే పని ఇది. నేను పద్నాలుగేళ్లు చేశాను.

ఆఖరి ఏడాది నా కుడి మణికట్టు మొండికేసింది. గార తీయడమంటే సన్నని పరికరాన్ని మూడు వేళ్లతో బిగించి పట్టి, మెడ ఒక పక్కకి వంచి, ఒక్కో పంటి చుట్టూ మళ్లీ మళ్లీ గీకడం. సాయంత్రం ఇంటికొచ్చి నీళ్ల చెంబు ఎత్తితే వేళ్లు వణికేవి. మెడ, భుజం, మణికట్టు నొప్పులు ఈ పనిలో ఏ దేశంలోనైనా ఉన్నవే. పైగా మన దగ్గర చాలా క్లినిక్కుల్లో క్లీనింగ్ కూడా డాక్టరుగారే చేసేస్తారు, కాబట్టి మాకు ఉద్యోగాలే తక్కువ. ఇక చదివిన చదువంతా వృథాయేనా అని నాకు పట్టుకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఆ రోజుల్లోనే ఈ వృత్తి ఎలా పుట్టిందో మళ్లీ చదివాను. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు 1906లో తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు పళ్లు శుభ్రం చేయడం నేర్పాడు. 1913లో ఆ పని నేర్పడానికి స్కూలే పెట్టాడు. అక్కడ చదివి బయటికొచ్చిన మొదటి జట్టులో ఎక్కువమంది చేరింది క్లినిక్కుల్లో కాదు, ఆ ఊరి బడుల్లో. పిల్లల పళ్లు శుభ్రం చేసి, బ్రష్ పట్టుకోవడం నేర్పేవాళ్లు. అంటే, క్లినిక్ వదిలి బయటికి వెళ్లడాన్ని మనం వేరే దారి అనుకుంటున్నాం గానీ, ఈ వృత్తి మొదలైందే అక్కడ.

మా చేతికి వచ్చిన విద్య గీకడం ఒక్కటే కాదు. గీతలు పెట్టిన సన్నని పుల్ల ఒకటి ఉంటుంది, ప్రోబ్ అంటాం. చిగురుకీ పంటికీ మధ్య దాన్ని మెల్లగా దించి, ఒక్కో పంటికీ 6 చోట్ల లోతు కొలుస్తాం. 3 మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. 5, 6 వచ్చిందంటే లోపల ఎముక కరుగుతోందేమో చూడాలి. నాతో చదివిన ఒకావిడ ఇప్పుడు హైదరాబాద్‌లో అమెరికా డెంటల్ క్లినిక్కుల బిల్లింగ్ చూస్తోంది. అక్కడి బిల్లుల్లో ఒక్కో చికిత్సకు ఒక్కో కోడ్ ఉంటుంది. డి1110 అంటే పెద్దవాళ్లకు చేసే మామూలు క్లీనింగ్. డి4341 అంటే చిగురు కిందికి వెళ్లి పంటి వేరు మీది గార తీయడం. కొలతలు, ఎక్స్‌రే చూసి ఆ రెండింటికీ తేడా పట్టడం ఆమెకు కొత్తగా నేర్పాల్సిన పని కాదు, ప్రోబ్ పట్టిన చెయ్యి కదా!

బిల్లింగ్ ఒక్కటే కాదు, హైజీన్ కోర్సులో పాఠాలు చెప్పవచ్చు. పెద్ద క్లినిక్కులో పరికరాల స్టెరిలైజేషన్ బాధ్యత చూడవచ్చు. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న రోగికి నోరు ఎలా శుభ్రం చేయాలో నర్సులకు నేర్పవచ్చు. ఇది చిన్న పని అనుకోకండి, నోట్లోని క్రిములు ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు.

నేను మాత్రం వైద్య శిబిరాలకు వెళ్లడం మొదలుపెట్టాను. శ్రీకాకుళం వైపు పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లు కొందరు చుట్టను తిరగేసి, నిప్పు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. తల్లి నుంచి కూతురికి వచ్చిన అలవాటు. ఆ వేడికి, ఆ పొగకు అంగిలి పాడవుతుంది, కొందరిలో క్యాన్సర్ దాకా పోతుంది.

ఒక శిబిరంలో ఒక మామ్మ నోరు తెరవనంది.

"నొప్పేటీ నేదమ్మా, ఎందుకు సూడ్డం?"

"నొప్పి లేనప్పుడే చూడాలి మామ్మా" అని చెప్పి, కాసేపు ఆమె మనవల సంగతులు అడిగాను. చివరికి తెరిచింది. టార్చి వేసి చూస్తే అంగిలంతా తెల్లగా పాలిపోయి, మధ్య మధ్య ఎర్రని చుక్కలు. ఒక మూల చిన్న పుండు. అదేమిటో తేల్చడం నా పని కాదు, డాక్టరుగారిని పిలిచి చూపించాను. ఆయన చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలని పెద్దాసుపత్రికి రాసిచ్చారు. అద్దం పట్టి ఆమె అంగిలి ఆమెకే చూపించాను. డెబ్బై ఏళ్లలో దాన్ని చూసుకోవడం అదే మొదటిసారట. చాలాసేపు చూసుకుంది.

వెళ్లిపోయిందనుకున్నాను. భోజనాల వేళకి మళ్లీ వచ్చింది, వెనకాల ఇంకో ముసలావిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"నా తోడికోడలమ్మా. దీనికీ ఆ అద్దం సూపించు."