వదిన–మరిది పాడ్‌కాస్ట్: టాప్ టెన్ క్వార్టర్‌బ్యాక్‌లు, 1987 సమ్మె, గ్యారంటీ సొమ్ము

వదిన: అందరికీ నమస్కారం. ఫ్రిస్కోలో వాళ్లు, మిన్నియాపొలిస్ వాళ్లు, సోమవారం పొద్దున్నే ఆరింటికి లేచి సండే నైట్ మ్యాచ్ చూసే హైదరాబాద్, విజయవాడ వాళ్లు, బాగున్నారా అందరూ? పోయిన వారం చెప్పినట్టే ఇవాళ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో, టాప్ టెన్ క్వార్టర్‌బ్యాక్‌లు, బంతి విసిరి ఆట నడిపేవాళ్లు. పది నుంచి ఒకటికి వద్దాం. ఏం బాబూ, పదో నంబరు చెప్పు.

మరిది: డాక్ ప్రెస్కాట్.

వదిన: పదా? మా డల్లాస్ కౌబాయ్స్ డాక్ పదా?

మరిది: ఆటలో పది, వదినా. బేరంలో అయితే రెండో నంబరు ఇస్తా. బేరంలో మొదటివాడు ఎవరో మీకు తెలుసు.

వదిన: వచ్చేశాడు మీ పెదనాన్న కొడుకు, ఆ కజిన్స్. ఇంకా రెండు నిమిషాలు కూడా కాలేదు.

మరిది: రావాలి. కిర్క్ కజిన్స్ చేసింది అర్థం కాకపోతే ఈ లీగ్‌లో జీతాల గొడవ ఏదీ అర్థం కాదు. లెక్క చెప్తా వినండి. 2016లో వాషింగ్టన్ ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసింది, 19.95 మిలియన్ డాలర్లు. ట్యాగ్ అంటే ఆటగాణ్ని తన దగ్గరే ఉంచుకోడానికి టీమ్ వేసే ఒక్క ఏడాది ఒప్పందం, సంతకం పెట్టగానే మొత్తం గ్యారంటీ, అంటే తీసేసినా ఆ సొమ్ము ఇవ్వాల్సిందే. జూలై నడిమికల్లా దీర్ఘకాల ఒప్పందం కుదరకపోతే ఆ ఏడాది ఇక ట్యాగ్ మీదే ఆడాలి. 2017లో రెండోసారి వేశారు. రెండోసారి వేస్తే పాత జీతానికి 120 శాతం ఇవ్వాలి. అంటే 23.94.

వదిన: మూడోసారి 144 శాతం.

మరిది: అదీ! 34 మిలియన్ దాటుతుంది. 2018లో శాలరీ క్యాప్, అంటే ఒక టీమ్ మొత్తం జీతాలకు పరిమితి, 177.2 మిలియన్. ట్యాగ్ సొమ్మును సైనింగ్ బోనస్‌లాగా ఐదేళ్ల మీద పరిచే వీల్లేదు, మొత్తం ఆ ఒక్క ఏడాది ఖాతాలోనే పడాలి. క్యాప్‌లో దాదాపు ఐదో వంతు ఒక్కడికే పోతుంది. అందుకే వదిలేశారు. మా వైకింగ్స్ మూడేళ్లకు 84 మిలియన్ ఇచ్చారు, ప్రతి డాలరూ గ్యారంటీ.

వదిన: ఇచ్చారు, సరే. ఒక్కడు గెలిస్తే మిగిలిన 52 మందికి ఏం ఒరిగింది? మీ టీమ్‌లో రైట్ గార్డ్‌కి గ్యారంటీ వచ్చిందా?

మరిది: రాలేదు. తప్పు కజిన్స్‌ది కాదు. అతని తర్వాత వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌లు చాలామంది పూర్తి గ్యారంటీ అడగకుండా ఏళ్లు, మొత్తాలు పెంచుకున్నారు. మహోమ్స్‌నే చూడండి, 2020లో పదేళ్లు, 450 మిలియన్. పేపర్లో అంకె పెద్దది. లీగ్‌లో అందరికన్నా మంచివాడు పదేళ్లకు కట్టుబడితే మిగతావాళ్లు ఏ ముఖంతో మూడేళ్లకు అడుగుతారు?

వదిన: పదో నంబరు దగ్గరే ఉన్నాం అబ్బాయ్.

మరిది: తొమ్మిది జారెడ్ గాఫ్, ఎనిమిది జస్టిన్ హెర్బర్ట్, ఏడు జేలెన్ హర్ట్స్. ఎవరికైనా అభ్యంతరమా?

వదిన: హర్ట్స్ ఏడు అంటే ఫిలడెల్ఫియా వాళ్లు మనకి మెయిళ్లు పెడతారు. పెట్టనీ. నాకు ఇందాకటి మాటే కావాలి. క్వార్టర్‌బ్యాక్ బేరం గెలిస్తే అందరూ గెలిచినట్టే మాట్లాడుతున్నావు చూడు, అది తప్పు. 1987లో ఏం జరిగింది?

మరిది: 87 మీరే ఎత్తుతున్నారా? కౌబాయ్స్ ఫ్యాన్ అయ్యుండి?

వదిన: నేనే ఎత్తుతున్నా. చెప్పు.

మరిది: సరే. ఆటగాళ్ల సమ్మె 24 రోజులు. మూడో వారం మ్యాచ్‌లు రద్దయ్యాయి. నాలుగు, ఐదు, ఆరో వారాలు బయటి నుంచి తెచ్చినవాళ్లతో ఆడించారు. ఆ మ్యాచ్‌లు స్టాండింగ్స్‌లో, అంటే గెలుపోటముల పట్టికలో, లెక్కపెట్టారు. అక్కడ పడింది దెబ్బ. ఓనర్లు మ్యాచ్‌లు ఆపేసి ఉంటే టీవీ డబ్బులు ఆగేవి. ఎవరో ఒకరు ఆడుతుంటే ఆగవు. ఫిలడెల్ఫియాలో నాలుగు వేల మంది వచ్చారేమో స్టేడియానికి. అయినా అది లెక్కకొచ్చే మ్యాచే. దాన్ని చూసి స్టార్లు పికెట్ లైన్ దాటారు, అంటే సమ్మె వదిలి ఆడటానికి వెళ్లారు. శాన్‌ఫ్రాన్సిస్కో క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా దాటాడు. మీ క్వార్టర్‌బ్యాక్ డ్యానీ వైట్ దాటాడు, టోనీ డోర్సెట్ దాటాడు, ర్యాండీ వైట్ దాటాడు. క్వార్టర్‌బ్యాక్ దాటితే సమ్మె అయిపోయినట్టే. టీవీలో జనానికి తెలిసిన ముఖం అదొక్కటే.

వదిన: ఇక నేను చెప్తా. వీళ్ల జీతం నెల జీతం కాదు. సీజన్‌లో వారం వారం చెక్కు. అప్పట్లో 16 మ్యాచ్‌లు, 16 చెక్కులు. రద్దయిన వారం ఒకటి, బయటివాళ్లు ఆడినవి మూడు, మొత్తం నాలుగు చెక్కులు పోయాయి. ఏడాది సంపాదనలో పావు భాగం! మూడు నాలుగేళ్లకు మోకాలు పోయి ఇంటికెళ్లేవాడికి అది మళ్లీ వచ్చేది కాదు. సమ్మె అడిగింది దేనికి? ఫ్రీ ఏజెన్సీకి, అంటే ఒప్పందం అయిపోయాక నచ్చిన టీమ్‌కి వెళ్లే హక్కుకి. అది వచ్చేసరికి సమ్మెలో కూర్చున్నవాళ్లలో సగం మంది ఆటలోనే ఉండరు. వాళ్ల చేత పావు జీతం వదిలిస్తూ చేతిలో సమ్మె నిధి లేకుండా దిగడం నాయకత్వం తప్పు. మోంటానాను అంటావేంటి?

మరిది: మోంటానాకి చెక్కు అవసరమా, వదినా?

వదిన: ...అవసరం లేదు. అది ఒప్పుకుంటా.

మరిది: అక్కడే ఉంది అసలు సంగతి. అవసరం ఉన్నవాడు దాటితే నేనేమీ అనను. వాషింగ్టన్‌లో ఒక్కడంటే ఒక్కడు దాటలేదు, లీగ్ మొత్తంలో ఆ ఒక్క టీమే. అక్టోబర్ 15న సమ్మె ముగిసింది. కానీ ఆ వారం ఆడాలంటే బుధవారం మధ్యాహ్నంకల్లా హాజరు కావాలని ఓనర్లు గడువు పెట్టారు. వీళ్లు గురువారం వచ్చారు, కుదరదన్నారు. దాంతో 19వ తారీఖు సోమవారం రాత్రి డల్లాస్‌లో...

వదిన: తెలుసు.

మరిది: ...డ్యానీ వైట్, డోర్సెట్ ఉన్న కౌబాయ్స్ మీద, ఒక్క అసలు ఆటగాడు కూడా లేని వాషింగ్టన్ 13–7తో గెలిచింది.

వదిన: తెలుసు అన్నాగా.

మరిది: ఆ మూడు మ్యాచ్‌లూ గెలిచారు. ఆ గెలుపులతో ప్లేఆఫ్స్, తర్వాత లీగ్ ఫైనల్ సూపర్ బౌల్. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్ ఒక్క రెండో క్వార్టర్‌లో నాలుగు టచ్‌డౌన్లు వేశాడు, ఆ క్వార్టర్‌లో టీమ్‌కి 35 పాయింట్లు, డెన్వర్ మీద 42–10. ఆ బయటివాళ్లకి సూపర్ బౌల్ గెలిచినవాళ్లకిచ్చే ఉంగరాలు ఎప్పుడిచ్చారు? 2018లో. ముప్ఫై ఏళ్లు పట్టింది.

వదిన: పాపం. సమ్మె విరిచారని తిట్లు తిన్నారు, ఉంగరమూ రాలేదు. అది మాత్రం నాకు బాధే.

మరిది: నాకూ.

వదిన: ఇప్పుడు నువ్వు చెప్పనిది నేను చెప్తా. సమ్మెతో రానిది కోర్టుతో వచ్చింది. 82లో 57 రోజులు కూర్చున్నారు, సీజన్ తొమ్మిది మ్యాచ్‌లకు కుంచించుకుపోయింది, మొత్తం ఆదాయంలో 55 శాతం అడిగారు, రాలేదు. 87లో ఫ్రీ ఏజెన్సీ అడిగారు, రాలేదు. 92లో మిన్నియాపొలిస్‌లో జడ్జి డోటీ ముందు జ్యూరీ ఫ్రీమన్ మెక్‌నీల్ పక్షాన తీర్పిచ్చింది. ఆ వెంటనే రెజ్జీ వైట్ పేరు మీద కేసు, 93లో రాజీ. ఫ్రీ ఏజెన్సీ వచ్చింది. మెక్‌నీల్ రన్నింగ్ బ్యాక్, రెజ్జీ డిఫెన్సివ్ ఎండ్. ఇద్దరిలో ఎవరూ క్వార్టర్‌బ్యాక్ కాదు, బాబూ.

మరిది: ఆ రాజీలోనే శాలరీ క్యాప్ వచ్చింది, ట్యాగ్ కూడా వచ్చింది. 94లో మొదటి క్యాప్ 34.6 మిలియన్. ఇప్పుడు డాక్ ఒక్కడికి ఏడాదికి 60.

వదిన: మరి 2011?

మరిది: అది లాకౌట్, అంటే ఓనర్లే ఆటగాళ్లను బయట పెట్టి తలుపు మూయడం, సమ్మె కాదు. అక్కడ మాత్రం క్వార్టర్‌బ్యాక్‌లు ముందు నిలబడ్డారు. వరస చూడండి. ముందు మార్చిలో యూనియన్ తనను తాను రద్దు చేసుకుంది. ఎందుకంటే యూనియన్ ఉన్నంతకాలం ఆటగాళ్లు యాంటీట్రస్ట్ కేసు, అంటే ఓనర్లు కలిసి పోటీని అణిచేస్తున్నారనే కేసు, వేయలేరు. రద్దయిన రోజే కేసు వేశారు. టామ్ బ్రేడీ, పేటన్ మానింగ్, డ్రూ బ్రీస్ పేర్లు ఉన్నాయి అందులో. అప్పటికి డ్రాఫ్ట్ కూడా కాని, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే దాకా కూడా రాని, వాన్ మిల్లర్ పేరు కూడా. ఏప్రిల్‌లో జిల్లా కోర్టు లాకౌట్ ఎత్తేయమంది. అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని ఆపేసి, జూలైలో కొట్టేసింది.

వదిన: టీవీ డబ్బు సంగతి మర్చిపోతున్నావు. మ్యాచ్‌లు లేకపోయినా నాలుగు బిలియన్లు వచ్చేలా ఓనర్లు టీవీ ఒప్పందాలు రాయించుకున్నారు. లాకౌట్‌కి ముందే, మార్చి మొదట్లో, అది చెల్లదని అదే డోటీ చెప్పాడు. నన్నడిగితే ఓనర్లను బేరానికి దింపింది అదే. చేతిలో ఏడాది ఖర్చు లేకపోతే ఎవరైనా దిగొస్తారు.

మరిది: దిగొచ్చి ఎవరి కడుపు కొట్టారు? కొత్తగా వచ్చే పిల్లలది. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకు 78 మిలియన్, 50 గ్యారంటీ. 2011లో మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు 22. ఆ ఒప్పందానికి ఓటేసింది ఎవరు? అప్పటికే లీగ్‌లో ఉన్నవాళ్లు. ఓటు లేనివాడి జీతం కోసి తమ వాటా పెంచుకున్నారు. పైగా డ్రాఫ్ట్ అయినవాడు మూడు సీజన్లు ఆడేదాకా ఒప్పందం తిరగరాయకూడదు. బ్రాక్ పర్డీ సూపర్ బౌల్ ఆడిన సీజన్‌లో జీతం 8 లక్షల 70 వేల డాలర్లు. మూడేళ్లు నిండాక 265 మిలియన్. మధ్యలో మోకాలు పోయి ఉంటే?

వదిన: పర్డీ విషయంలో నీతోనే ఉంటా. అది అన్యాయమే. ఆరో నంబరు వేసెయ్ అతన్ని.

మరిది: వేశా. ఐదు మాథ్యూ స్టాఫర్డ్.

వదిన: సరే. వాట్సన్ దగ్గరికి రా. అది చెప్పకుండా గ్యారంటీ మాట పూర్తికాదు.

మరిది: 2022 మార్చి. క్లీవ్‌లాండ్ డెషాన్ వాట్సన్‌కి ఐదేళ్లు 230 మిలియన్, మొత్తం గ్యారంటీ. ఆ మనిషి గురించి నేను ఒక్క మంచి మాట కూడా చెప్పను. ఒప్పందం గురించే మాట్లాడతా. కజిన్స్ మూడేళ్లకు తెచ్చింది...

వదిన: మళ్లీనా?

మరిది: ...ఐదేళ్లకు సాగింది. ఓనర్లు భయపడ్డారు. ఇక్కడ ఒక పాత నియమం ఉంది, ఫండింగ్ రూల్. రాబోయే ఏళ్లకు పూర్తి గ్యారంటీ ఇస్తే అందులో చాలా భాగం ఇప్పుడే తెచ్చి విడి ఖాతాలో పెట్టాలి. టీమ్‌లు దివాలా తీసే రోజుల్లో ఆటగాడి రక్షణ కోసం పెట్టింది. ఇప్పుడు ఏ టీమూ దివాలా తీయదు, కానీ ఏజెంట్ గ్యారంటీ అడిగితే “అంత నగదు లేదు” అనడానికి ఓనర్లకు అదే అడ్డం. యూనియన్ ముందు తీయించాల్సింది దాన్ని.

వదిన: అది సరే. అప్పుడు బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్‌కి ఏమైంది?

మరిది: 2023లో బాల్టిమోర్ నాన్ ఎక్స్‌క్లూజివ్ ట్యాగ్ వేసింది, 32.4 మిలియన్. అంటే వేరే ఏ టీమైనా ఆఫర్ ఇవ్వొచ్చు, బాల్టిమోర్ సరితూగకపోతే రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఇచ్చి తీసుకెళ్లొచ్చు. ఎంవీపీ, అంటే లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు తెచ్చుకున్నవాడు, 26 ఏళ్లు. ఒక్క టీమ్ రాలేదు. క్వార్టర్‌బ్యాక్ లేని టీమ్‌లు కూడా మాకొద్దు అన్నాయి. చివరికి ఐదేళ్లు 260, గ్యారంటీ 185. శ్రోతలు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ 185 కూడా సంతకం రోజున మొత్తం గ్యారంటీ కాదు. కొంత గాయమైతేనే గ్యారంటీ, ఏటా మార్చిలో ఒక తేదీ దాటాక పూర్తి గ్యారంటీగా మారుతుంది. ఆ తేదీకి ముందు తీసేస్తే, ఒంటి మీద గాయం లేకపోతే, ఆ సొమ్ము లేదు. వార్తల్లో అంకె చూసినప్పుడు “సంతకం నాటికి ఎంత” అని అడగండి.

వదిన: మరి ఆ తీర్పు దాచిపెట్టారుగా.

మరిది: అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. లామార్, కైలర్ మర్రీ, రస్సెల్ విల్సన్ బేరాలు చూపించి, ఓనర్లు కుమ్మక్కయ్యారని యూనియన్ ఫిర్యాదు చేసింది. 2025 జనవరిలో మధ్యవర్తి 61 పేజీల తీర్పు ఇచ్చాడు. కుమ్మక్కు రుజువు కాలేదన్నాడు. కానీ 2022 మార్చి సమావేశంలో గ్యారంటీలు తగ్గించండని లీగ్ ఆఫీసు ఓనర్లను ప్రోత్సహించిందని, కమిషనర్ గుడెల్ ఆశీస్సులతోనే అని అందులోనే రాశాడు. సగం గెలుపు అది! యూనియన్ ఏం చేసింది? లీగ్‌తో కలిసి ఆ కాగితం దాచింది. సొంత ఆటగాళ్లకు చూపించలేదు. జూన్‌లో ఒక జర్నలిస్టు బయటపెడితే తెలిసింది.

వదిన: కంచే చేను మేస్తే ఇక ఎవరికి చెప్పుకుంటారు! జూలైలో యూనియన్ పెద్ద రాజీనామా చేశాడు. సరే. ఆ ఆర్నెల్లలో సంతకాలు పెట్టినవాళ్లు ఆ కాగితం చేతిలో లేకుండానే బేరానికి కూర్చున్నారుగా. వాళ్లకి ఎవరు సమాధానం చెప్తారు?

మరిది: ఎవరూ చెప్పరు.

వదిన: ...

మరిది: వదినా, నాలుగో నంబరు?

వదిన: ఆగు. అందరూ క్వార్టర్‌బ్యాక్, క్వార్టర్‌బ్యాక్ అంటారు. మా పాస్ రషర్, అంటే అవతలి క్వార్టర్‌బ్యాక్ మీదకు దూకేవాడు, మైకా పార్సన్స్ ఏం పాపం చేశాడు? ఏజెంట్ లేకుండా ఓనరే పిల్లాడితో నేరుగా కూర్చుని మాట్లాడి, ఒప్పందం అయిపోయిందనుకుంటే అవుతుందా? ఏజెంట్‌తో మాట్లాడమంటే మాట్లాడకపోతే ఏమైంది? 2025 ఆగస్టులో గ్రీన్ బేకి పంపేశారు. అక్కడ వచ్చిన వెంటనే నాలుగేళ్లు 188 మిలియన్. డాక్‌కి సీజన్ మొదటి రోజు దాకా ఆగి 240 ఇచ్చారు, గ్యారంటీ 231. ఎందుకిచ్చారు? పాత ఒప్పందంలో ట్యాగ్ వేయకూడదని, ట్రేడ్ చేయకూడదని డాక్ ముందే రాయించుకున్నాడు. పార్సన్స్ ఇంకా తొలి ఒప్పందం ఐదో ఏడు మీదే ఉన్నాడు, ఆ తర్వాత రెండు ట్యాగ్‌లు వేయొచ్చు. కాగితం బలం లేనివాడిని అమ్మేశారు. ఈ టీమ్‌కి పాస్ రషర్ ఎక్కడ దొరుకుతాడు ఇక!

మరిది: మీరే చెప్పారు చూడండి. డాక్ నేర్చుకున్నది ఎవరి దగ్గర? రెండు ట్యాగ్‌లు తట్టుకుని నిలబడ్డ...

వదిన: అనకు ఆ పేరు. అట్లాంటా 100 మిలియన్ గ్యారంటీ ఇచ్చి డిసెంబర్‌కల్లా బెంచీ మీద కూర్చోబెట్టింది మీ వాడిని.

మరిది: కూర్చోబెట్టినా డబ్బు ఇచ్చారుగా! గ్యారంటీ అంటే అదే కదా!

వదిన: సరే, గడియారం చూడు. నాలుగు?

మరిది: జో బరో. మూడు లామార్, రెండు మహోమ్స్, ఒకటి జాష్ ఆలెన్.

వదిన: మహోమ్స్ రెండా?

మరిది: ఈ ఏడాదికి. ఓనర్లు అడుగుతున్న 18 మ్యాచ్‌ల సీజన్ గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. లీగ్‌కి, యూనియన్‌కి మధ్య 2020 ఒప్పందం ఆటగాళ్ల ఓటులో 1,019–959తో గట్టెక్కింది, 60 ఓట్ల తేడా. క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ వద్దన్నాడు, కనీస జీతం పెరుగుతుందని చిన్నవాళ్లు సరేనన్నారు. ఆదాయంలో ఆటగాళ్ల వాటా 48 శాతం, 17వ మ్యాచ్ ఆడితే కాస్త ఎక్కువ. 82లో అడిగిన 55 ఇంకా రాలేదు. 18వ మ్యాచ్ అడిగితే ఫండింగ్ రూల్ తీసేయాలి, రెండో బై వారం, అంటే మ్యాచ్ లేని వారం, ఇవ్వాలి, ట్యాగ్ ఒక్కసారే వేయాలి.

వదిన: ట్యాగ్ ఒక్కసారేనా? ట్యాగే ఉండకూడదు.

మరిది: ట్యాగ్ తీసేస్తే దానికి బదులు ఓనర్లు ఏం అడుగుతారో ఆలోచించారా? క్యాప్‌లో రెండు శాతం అడుగుతారు.

వదిన: అడగనీ. ఇవ్వకు.

మరిది: ఇవ్వకపోతే లాకౌట్. ఒప్పందం 2030 సీజన్ దాకా ఉంది. అప్పటికి మళ్లీ చెక్కులు ఆగితే డాక్ లాంటివాడు ముందు నిలబడతాడా?

వదిన: డాక్ నిలబడతాడు. ఆలెన్ సంగతి నాకు తెలియదు. అయ్యో, పిల్లల్ని క్లాసు నుంచి తీసుకురావాలి, ఐదున్నరయింది. వచ్చే వారం...

మరిది: ఆలెన్ ఎందుకు నిలబడడు?