మసి నుంచి మంచుకి

శ్రోతలకు నమస్కారం. పర్వతారోహకుడి కథ కదా, మంచుతో మొదలుపెడతాననుకుంటారేమో. ఈయన కథ మాత్రం మసితోనే మొదలుపెట్టాలి.

పోలండ్‌లో కటోవిత్సే అనే బొగ్గుగనుల నగరం. యెజీ కుకుచ్కా అక్కడే 1948లో పుట్టాడు, గనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడు. అప్పుడక్కడ కమ్యూనిస్టుల పాలన. హిమాలయాలకు వెళ్లాలంటే డాలర్లు కావాలి. ఇంట్లో ఉన్నవి పోలండ్ డబ్బు జ్లోటీలు, అవీ అంతంతమాత్రం. అందుకని కుకుచ్కా, ఆయన స్నేహితులు ఓ పని పట్టారు. ఫ్యాక్టరీల పొగగొట్టాలకు రంగులు వేయడం! పరంజా కట్టాలంటే బోలెడు ఖర్చు, రోజుల తరబడి పని. వీళ్లేమో నడుముకి తాడు కట్టుకుని పైనుంచి వేలాడుతూ వేసేసేవారు. కొండెక్కడానికి డబ్బూ వచ్చింది, ఎత్తులో వేలాడే అలవాటూ పోలేదు.

ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాలు భూమ్మీద 14. అంత ఎత్తున గాలి పీలిస్తే అందే ప్రాణవాయువు, సముద్రమట్టం దగ్గర అందేదానిలో దాదాపు మూడో వంతే. ఆ పద్నాలుగూ మొదట ఎక్కినవాడు ఇటలీకి చెందిన రైన్‌హోల్డ్ మెస్నర్. 1986లో పూర్తిచేశాడు, 16 ఏళ్లు పట్టింది. కుకుచ్కా రెండోవాడు. 1979లో మొదలుపెట్టి 1987కల్లా, ఎనిమిదేళ్లయినా నిండకుండానే ముగించాడు. రెండోవాడు అనగానే చిన్నచూపు చూడకండి. పది శిఖరాలు కొత్త దారుల్లో ఎక్కాడు. నాలుగు నడిచలికాలంలో ఎక్కాడు. 1985లోనైతే జనవరి 21న ధవళగిరి, ఫిబ్రవరి 15న చో ఓయు! ఆక్సిజన్ సిలిండర్ వాడింది ఒక్క ఎవరెస్ట్ మీదే.

1981లో మకాలు శిఖరం ఒక్కడే ఎక్కాడు. సాక్షి లేడు కనుక కొందరు నమ్మలేదు. అయితే కొడుకు ఆడుకునే చిన్న బొమ్మను శిఖరం మీద వదిలి వచ్చాడాయన. మరుసటి ఏడు కొరియా ఆరోహకుడొకరికి ఆ బొమ్మ అక్కడే దొరికింది. ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు.

అన్నీ ముచ్చట్లే కావు. 1986లో కే2 శిఖరం దక్షిణ ముఖం మీద కొత్త దారి వేశాడు. దిగేటప్పుడు తోటివాడు టడేయుష్ పియోత్రోవ్‌స్కీ బూట్లకున్న ఇనుప కోరలు ఊడిపోయి, జారి పడిపోయాడు. పియోత్రోవ్‌స్కీ చనిపోయాడు, అయినా కుకుచ్కా మళ్లీ కొండలకే వెళ్లాడు. దీన్ని ధైర్యమనాలో మొండితనమనాలో నేను తేల్చలేను.

పద్నాలుగూ అయ్యాక ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. అప్పటికి ఎవరూ ఎక్కని ల్హోత్సే దక్షిణ ముఖానికి 1989లో వెళ్లాడు. అక్టోబర్ 24న, సుమారు 8,200 మీటర్ల ఎత్తున, ముందు నడుస్తూ జారాడు. ఆ రోజు కట్టుకున్నది సన్నని తాడు, కాఠ్మండూలో కొన్న పాత సరుకు. అది తెగింది. కింద ఆ తాడు పట్టుకుని నిలబడ్డ సహచరుడు ఒంటరిగా దిగివచ్చాడు.

అంతకు పదేళ్ల ముందు, ఇలాగే ఓ అక్టోబర్‌లో, కుకుచ్కా మొట్టమొదట ఎక్కిన ఎనిమిదివేల మీటర్ల శిఖరమూ ల్హోత్సేనే.