ఆపరా అబ్బీ, బండి ఆపు

వేదిక మీది పెద్దలకు, ఆశా అక్కచెల్లెళ్ళకు, అంగన్‌వాడీ టీచర్లకు, వెనక వరసలో నిలబడే ఉన్న ఆటో అన్నలకు నమస్కారం. అన్నలూ, ముందుకు వచ్చి కూర్చోండి. ఈరోజు ఎక్కువగా మాట్లాడేది మీతోనే. ఈ టేబుల్ మీద గుడ్డ బొమ్మనీ తువ్వాళ్ళనీ చూసి ఇందాకటి నుంచి కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వుకోండి. వాటి పని చివర్లో.

నేను అనంతపురంలో లేబర్ రూం నర్సుగా చేసి రిటైరయ్యాను. ఎన్ని కాన్పులు చేశానో లెక్క రాసుకోలేదు. ఇప్పుడు చెప్పబోయేది వాటిలోది కాదు, నాది.

1998 సంక్రాంతి. అప్పటికి లేబర్ రూంలో నాకు ఎనిమిదేళ్ళ అనుభవం. పెద్దమ్మాయి పుట్టినప్పుడు పదహారు గంటలు నొప్పులు పడ్డాను కాబట్టి, రెండో కాన్పుకూ నా బుర్రలో అదే లెక్క ఉంది. డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా పన్నెండు రోజులుందని పండక్కి ఉరవకొండలో అత్తగారింటికి వెళ్ళాం.

రాత్రి మూడింటికి నడుము పట్టేసినట్టయి మెలకువ వచ్చింది. ఉత్తుత్తి నొప్పులే అనుకున్నాను. నడిస్తే తగ్గుతాయని అందరికీ చెప్పేదాన్ని కదా, నేనూ వాకిట్లో నాలుగు చుట్లు తిరిగాను. తగ్గలేదు సరికదా, మూడున్నరకల్లా రెండు నిమిషాలకొకటి వస్తున్నాయి. ఊళ్ళోనే ఆసుపత్రి ఉంది, అక్కడికి పోదామన్నారు మా ఆయన. నేనే ఒప్పుకోలేదు. కంటే మా లేబర్ రూంలోనే కంటానని పంతం. యాభై కిలోమీటర్లేగా అన్నాను. తెలిసినవాళ్ళు చేసే తప్పు ఇలాగే ఉంటుంది. తెలియనివాళ్ళయితే భయపడి దగ్గరున్న ఆసుపత్రికే పరుగెత్తేవాళ్ళు.

పక్క వీధి అబ్బాయి కమాండర్ జీపు తీశాడు. వెనక సీట్లో నేను, మా అత్తమ్మ. ముందు మా ఆయన. దారిలో ఉమ్మనీరు పోయింది. కూడేరు ఇంకా రాలేదు. "అత్తమ్మా, దొడ్డికి వస్తాంది. యాడన్నా ఆపమను" అన్నాను.

ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఎనిమిదేళ్ళలో ఎందరి నోటో ఆ మాట విన్నాను. విన్న మరుక్షణం టేబుల్ మీదికి ఎక్కించేదాన్ని. ఎందుకంటే బిడ్డ తల కిందికి దిగి వెనక పేగును నొక్కినప్పుడు తల్లికి అచ్చం అలాగే అనిపిస్తుంది. నా నోట వచ్చినప్పుడు మాత్రం అది నాకు నిజంగా దొడ్డికే అనిపించింది! ఇళ్ళలో బాత్రూముల్లో బిడ్డలు పుట్టేది ఇలాగే. నెలలు నిండిన మనిషి నొప్పుల మధ్యలో దొడ్డికి వస్తోందంటే చెంబిచ్చి పంపకండి. పడుకోబెట్టి చూడండి.

మా అత్తమ్మ అదే చేసింది. మా ఆయన చేతిలో టార్చి లాక్కుని చూసి ఒక్క కేక వేసింది. "ఒరే అబ్బీ, ఆపరా! బండి ఆపు!"

"ఇంగ రొవ్వంత దూరమే అవ్వా, కూడేరు వచ్చేస్తాంది, తొక్కుతా" అన్నాడు ఆ అబ్బాయి.

"నువ్వు తొక్కితే బిడ్డ ఆగుతాదా? ఆపురా!"

ఆటో అన్నలూ, నేను ఇంత దూరం వచ్చింది ఈ రెండు ముక్కలు చెప్పడానికే. తల కనిపించకపోతే, తల్లి తనంతట తాను ముక్కకపోతే, పోండి. దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి. తల కనిపిస్తుంటే మాత్రం ఆపండి. పరుగెత్తే బండిలో గుంతకో మలుపుకో ఊగుతూ బిడ్డను పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. రోడ్డు దిగి పక్కకు ఆపి, ఇండికేటర్లు వేసి, 108కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టండి. కిలోమీటరు రాయి మీద ఏముందో చదివి చెప్పండి. ఆ బండిలో కాన్పు చేయడం నేర్చుకున్న మనిషి ఉంటాడు, సామానూ ఉంటుంది. మాకు ఆ రోజు ఆ అదృష్టం లేదు. 108 మొదలైంది 2005 ఆగస్టు 15న, మా వాడికి ఏడేళ్ళు నిండాక.

జీపు ఆగింది. చుట్టూ చీకటి, చెనక్కాయలు పీకేసిన ఒట్టి చేలు, చలి. అత్తమ్మ నన్ను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. "ముక్కొద్దు అమ్మీ, నోటితో గాలి ఇడువు, ఉఫ్ ఉఫ్ అను" అంది. పెద్దబాలశిక్ష కూడా చదవని మనిషి. నేను రోజూ చెప్పే మాటే, నాకు చెప్పింది. తల విసురుగా బయటికి వస్తే తల్లికి చిరుగుతుంది, బిడ్డకూ మంచిది కాదు. అందుకని అరచేతిని తల మీద ఊరికే ఆనించి ఉంచాలి. అడ్డం పెట్టకూడదు, లాగకూడదు. పొట్ట మీద నొక్కడం అసలే వద్దు. అలా నొక్కి గర్భసంచి పగిలి వచ్చిన కేసులు నేను చూశాను, ఇక్కడ వివరంగా చెప్పను.

తల వచ్చింది. మెడకు బొడ్డుతాడు చుట్టుకుని ఉంది. ఈ మాట వినగానే ఆడవాళ్ళంతా గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. అంత టెన్షన్ అక్కర్లేదు, నలుగురైదుగురిలో ఒకరికి ఉండేదే. వదులుగా ఉంటే వేలితో తల మీదుగా దాటించాలి, దండ తీసినట్టు. అత్తమ్మ తీసింది. తర్వాతి నొప్పికి భుజాలు, ఆ వెంటనే చేపపిల్లలా మొత్తం బిడ్డ. నాలుగూ ఇరవై. నొప్పులు మొదలైన గంటా ఇరవై నిమిషాలకు!

మా పుస్తకాల్లో నొప్పులు మొదలై మూడు గంటల్లోపు బిడ్డ పుడితే దాన్ని వేగ ప్రసవం అంటారు. రెండో కాన్పు, మూడో కాన్పు వాళ్ళలో ఎక్కువ. ముందు కాన్పు త్వరగా అయిందని ఎవరైనా చెబితే, ఆశా అక్కలూ, దాన్ని కార్డులో ఎర్ర ఇంకుతో రాయండి. ఆ మనిషి నొప్పులు మొదలయ్యేదాకా ఇంట్లో ఉండకూడదు. ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే పంట కోతల కూలికి వలసగా, గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాల్లో ఏడో నెల, ఎనిమిదో నెల వాళ్ళూ ఉంటారు. బయలుదేరే ముందే వాళ్ళకు ఈ విషయం చెప్పాలి. గుంతకల్లు మీదుగా రైల్లో పోయేవాళ్ళయితే రైల్వే సహాయ నంబరు 139 చెప్పండి.

బిడ్డ ఏడవలేదు. అప్పుడు నాకు నా చదువంతా గుర్తొచ్చింది, చేతులు మాత్రం వణుకుతున్నాయి. "తుడువు అత్తమ్మా, గట్టిగా తుడువు, వీపు రుద్దు" అని అరిచాను. ఆమె తన చీర కొంగుతో తల నుంచి కాళ్ళ దాకా తుడిచి, వీపు రుద్దింది. కెవ్వుమన్నాడు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి కొట్టడం సినిమాల్లో ఉంటుంది. అది వద్దు. తడి ఆరేలా తుడవడమే చాలామంది బిడ్డలను ఏడిపిస్తుంది.

తర్వాత నా జాకెట్టు విప్పి బిడ్డను నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, పైన మా ఆయన స్వెట్టరు, దాని మీద జీపు అబ్బాయి కప్పుకున్న దుప్పటి కప్పాం. అప్పుడే పుట్టిన బిడ్డ తడి గుడ్డలాంటిది, ఇట్టే చల్లబడిపోతుంది. తల్లి ఒళ్ళే దానికి పొయ్యి. తలకు గుడ్డ చుట్టాలి. నీళ్ళు పోయడానికి తొందర లేదు, ఒక రోజు ఆగొచ్చు. ఆ తెల్లని జిడ్డు కడిగేయాలని మన అవ్వలు తొందరపడతారు. ఉండనివ్వండి.

అప్పుడు అత్తమ్మ డ్రైవర్ని బ్లేడు అడిగింది. వాడు గడ్డం గీసుకునే బ్లేడు తీసి ఇవ్వబోయాడు కూడా. నేను పట్టుకుని ఆపేశాను. "కోయొద్దు. తాడు ఉన్నట్టే ఉండనీ. ఆసుపత్రిలో కోస్తారు."

"మాయతో అంటుకునే ఉంటాడా?" అంది. మాయ అంటే బొడ్డుతాడు రెండో కొసన ఉండే ముద్ద. ఉంటాడన్నాను. ఏమీ అనలేదు. బ్లేడు వెనక్కి ఇచ్చేసింది.

ఆమె ఎందుకు మారుమాట్లాడలేదో వారం తర్వాత తెలిసింది. బిడ్డకు నూనె రాస్తూ చెప్పింది. మా ఆయన కంటే ముందు ఆమెకు ఒక కొడుకు పుట్టాడట. కొడవలితో బొడ్డు కోసి బూడిద పెట్టారట. ఏడో రోజు పాలు పట్టుకోలేదు. దవడలు బిగుసుకుపోయి, ఒళ్ళు విల్లులా వంగి, ఎనిమిదో రోజు పోయాడు. గాలి సోకిందన్నారట. ముప్పై అయిదేళ్ళు ఆమె గాలే అనుకుంది. "ఆ పొద్దు నువ్వు బ్లేడు వద్దంటే నాకు వాడు గుర్తొచ్చినాడు" అంది. అది ధనుర్వాతం అని నేను చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో అని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. టీటీ సూదుల వల్ల, శుభ్రమైన కాన్పుల వల్ల తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని మన దేశం 2015 నాటికి అదుపులోకి తెచ్చింది. ఆశా అక్కలు గర్భిణి చెయ్యి పట్టుకుని సూదికి లాక్కెళ్ళేది ఇందుకే.

మాయ పావుగంటకు దానంతటది వచ్చింది. చాలామందికి అరగంటలో వస్తుంది. తాడు పట్టి లాగొద్దు. దాన్ని ఎక్కడ పెట్టాలా అని వెతికితే పండగ అరిసెలు పెట్టి ఇచ్చిన స్టీలు క్యారియర్ దొరికింది. పై గిన్నెలో అరిసెలు, కింది గిన్నెలో మాయ, దాన్నుంచి తాడు నా గుండెల మీది బిడ్డకు. అనంతపురం వచ్చేదాకా మా ఆయన వెనక్కి తిరిగి ఆ గిన్నెను రెండు చేతులా పట్టుకునే కూర్చున్నారు. లెక్కల మాస్టారు. ఆ క్యారియర్‌లో మళ్ళీ ఎవరూ అన్నం పెట్టుకోలేదు.

బిడ్డ బాగున్నాడని అందరూ సంబరపడే ఆ సమయంలోనే తల్లి ప్రాణం మీదికి రావచ్చు. వేగంగా అయిన కాన్పులో గర్భసంచి ఒక్కోసారి అలసిపోయి ముడుచుకోదు, రక్తం ఆగదు. మాయ వచ్చాక బొడ్డు కింద చెయ్యి పెట్టి చూడండి. కొబ్బరికాయలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే గట్టిపడేదాకా అరచేత్తో గుండ్రంగా రుద్దాలి. బిడ్డను రొమ్ముకు పట్టించాలి, బిడ్డ చీకుతుంటే సంచి ముడుచుకుంటుంది. గుడ్డ మీద గుడ్డ తడిసిపోతోందంటే ఇక నిలబడి మాట్లాడే టైం లేదు, బయలుదేరాలి. అంతా బాగానే ఉన్నా ఆసుపత్రికి పోవాల్సిందే. సూది ఉంటుంది, చిరిగితే కుట్లు ఉంటాయి, బిడ్డకు టీకాలు ఉంటాయి.

ఒక్కటి మాత్రం ఇంట్లో ఎవరి వల్లా కాదు. తల బదులు చెయ్యో, కాలో, బొడ్డుతాడో ముందు కనిపిస్తే ముట్టుకోవద్దు. తల్లిని మోకాళ్ళ మీద వంచి, తల కిందికి, నడుము పైకి ఉండేలా ఉంచి తీసుకుపోండి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. దానికోసం మేమంతా గొంతులు పోయేలా చెప్పాం, సంతోషమే. కానీ దాంతో పాటు ఇంకొకటి జరిగింది. మా అత్తమ్మ ఇంట్లో ఐదు కాన్పులు చూసింది. ఇవాళ ఒక ఇంట్లో అర్ధరాత్రి నొప్పులొస్తే అక్కడున్న నలుగురిలో ఒక్కరు కూడా బిడ్డ పుట్టడం కళ్ళతో చూసి ఉండరు. కొడవలి, బూడిద పోయాయి, పోవాల్సిందే. వాటితో పాటు "ఆపరా" అనే మనిషి కూడా పోయింది.

మా అత్తమ్మ పోయి ఆరేళ్ళయింది. మా వాడు బెంగుళూరులో ఉంటాడు. ఉరవకొండ నుంచి వచ్చేటప్పుడు కూడేరు దాటేదాకా ఫోన్ చూడడు, కిటికీలోంచి చేలు చూస్తాడు.

సరే, ఈ బొమ్మకు కడుపు దగ్గర తాడు కుట్టాను, మాయ బదులు ఎర్ర స్పాంజి. తువ్వాళ్ళు ఉన్నాయి. ఆటో అన్నలు మొదట రండి. ఒకరు డ్రైవరు, ఒకరు అత్త. బాబూ, నువ్వే, ఆ నీలం చొక్కా. సిగ్గుపడకు, కొంగు పట్టుకో.