హాల్లో ఛానల్ మారిస్తే బెడ్‌రూమ్‌లో బొమ్మ పోతోందా? ఒక డిష్, మూడు గదుల టీవీలు

[దృశ్యం: హాల్లో టీవీ నడుస్తోంది. రిమోట్‌తో ఛానల్ మార్చగానే కెమెరా బెడ్‌రూమ్‌లోకి వెళ్తుంది. అక్కడి టీవీ మీద ‘సిగ్నల్ లేదు’.]

చూశారుగా? ఇక్కడ బటన్ నొక్కితే అక్కడ బొమ్మ పోయింది. పాత ఛానల్ మళ్లీ పెడితే అక్కడా వచ్చేస్తుంది. ఇలా అయినప్పుడు చాలామంది సెట్‌టాప్ బాక్స్ పాడైందనుకుని కొత్తది కొంటారు. ఇంకొందరు నేరుగా బూస్టర్ కోసం షాపుకెళ్తారు. రెండూ దండగే. బాక్స్ బాగానే ఉంది, సిగ్నల్ కూడా బాగానే ఉంది. తేడా అంతా వైరింగ్‌లో ఉంది.

ఇప్పుడు మనం మల్కాజిగిరిలో ఒక జీ ప్లస్ వన్ ఇంట్లో ఉన్నాం. కింద పెద్దవాళ్ల గది, పైన హాలు, బెడ్‌రూమ్. డాబా మీద ఒకటే డిష్, డీడీ ఫ్రీ డిష్‌ది. మూడు టీవీలూ దాని మీదే.

[దృశ్యం: డాబా. ఒక మూల పాత అల్యూమినియం యాంటెన్నా, ఇంకో మూల డిష్.]

ముందు ఈ పాత యాంటెన్నా సంగతి తేల్చేద్దాం. 1977లో హైదరాబాద్‌లో దూరదర్శన్ వచ్చాక ఊరంతా ఇవే కనిపించేవి. ఒకరు పైన రామంతాపూర్ టవర్ వైపు తిప్పుతుంటే ఇంకొకరు కింద నుంచి ‘ఆ... ఆ... అక్కడే ఉంచు’ అని అరిచేవాళ్లు. ఆ అనలాగ్ ప్రసారాలను ప్రసార భారతి దశలవారీగా దాదాపు దేశమంతటా ఆపేసింది. కాబట్టి దీనికి కొత్త వైరు వేసినా, బూస్టర్ పెట్టినా లాభం లేదు. బట్టలారేసుకోవడానికైతే పనికొస్తుంది.

ఇక డిష్. ఫ్రీ డిష్ 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. నెలనెలా కట్టేదేమీ లేదు. ఇప్పుడు ఆ సిగ్నల్ జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తోంది. డిష్ ముందు కడ్డీ చివర ఉండే ఈ చిన్న డబ్బానే ఎల్‌ఎన్‌బీ అంటారు. అసలు కథంతా దీని దగ్గరే.

[దృశ్యం: ఎల్‌ఎన్‌బీ దగ్గరగా. పక్కన బోర్డు మీద గీత: డిష్, ఎల్‌ఎన్‌బీ, కేబుల్, టీవీ.]

ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ 11 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. మామూలు కేబుల్లో పెడితే అది ఎక్కువ దూరం పోదు. అందుకే ఎల్‌ఎన్‌బీ దాన్ని 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్యకు దించి, బలం పెంచి కిందికి పంపిస్తుంది. ఆ పని చేయడానికి దానికి కరెంటు కావాలి. ఆ కరెంటు అదే కేబుల్లో, మీ బాక్స్ నుంచి పైకి వెళ్తుంది.

ఉపగ్రహం నుంచి తరంగాలు రెండు రకాలుగా వస్తాయి, నిలువు, అడ్డం. మీరు పెట్టిన ఛానల్ నిలువు రకంలో ఉంటే బాక్స్ పైకి 13 వోల్టులు పంపుతుంది. అడ్డం రకంలో ఉంటే 18 వోల్టులు. వోల్టేజీని చూసి ఎల్‌ఎన్‌బీ ఆ రకాన్ని మాత్రమే కిందికి వదులుతుంది. ఇది కాక బాక్స్ పంపే 22 కిలోహెర్ట్జ్ టోన్ ఒకటి ఉంటుంది. కింది బ్యాండా, పై బ్యాండా, అంటే ఫ్రీక్వెన్సీల్లో కింది భాగమా, పై భాగమా అన్నది దాంతో తేలుతుంది.

ఇప్పుడు ఒకే ఎల్‌ఎన్‌బీ, ఒకే కేబుల్. మధ్యలో స్ప్లిటర్ పెట్టి రెండు గదులకు పంచారు. బెడ్‌రూమ్ బాక్స్ 13 అడుగుతోంది, హాల్లో బాక్స్ 18 అడుగుతోంది. రెండూ ఒకే తీగ మీద కలిస్తే ఎక్కువ వోల్టేజీదే పైచేయి. ఎల్‌ఎన్‌బీ 18కి మారిపోతుంది, బెడ్‌రూమ్‌లో బొమ్మ మాయం. మనం మొదట చూసింది ఇదే.

మీరు చూసే ఛానళ్లన్నీ ఒకే రకంలో, ఒకే బ్యాండ్‌లో ఉంటే స్ప్లిటర్‌తోనూ గొడవ లేకుండా నడుస్తుంది. పక్కింట్లో స్ప్లిటర్ పెట్టినా బాగానే వస్తోందంటే కారణం అదే అయ్యుండొచ్చు. కానీ ఇల్లంతా వైరింగ్ చేసుకుంటూ ఆ భరోసా మీద వదిలేయడం నాకైతే నచ్చదు.

[దృశ్యం: కింద నుంచి ఇంటాయన పైకి వస్తారు.]

అంకుల్ అడుగుతున్నారు: “మరి స్ప్లిటర్ వద్దంటే మూడు డిష్‌లు పెట్టాలా బాబూ?”

అక్కర్లేదండీ. ఎల్‌ఎన్‌బీ మారిస్తే చాలు. రెండు ఔట్‌పుట్లుంటే ట్విన్, నాలుగుంటే క్వాడ్. ప్రతి ఔట్‌పుట్ దేనికదే. ఒక గది 13 అడిగినా, ఇంకో గది 18 అడిగినా వేటికవి అందుతాయి. మనకు మూడు టీవీలు కాబట్టి క్వాడ్ తీసుకున్నాం, ఒకటి మిగులుతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే చూపిస్తారు. కాకపోతే ఒక జాగ్రత్త. క్వాట్రో అని ఇంకోటి ఉంది. దానికీ నాలుగు రంధ్రాలే, చూడటానికీ అచ్చం ఇలాగే ఉంటుంది. కానీ దాని ఔట్‌పుట్లు మల్టీస్విచ్ అనే పెట్టెలోకి వెళ్లాలి, నేరుగా టీవీలకు పనికిరావు. డబ్బా మీద పేరు చదివే కొనండి.

స్ప్లిటరే కావాలనుకునేవాళ్లు దాని మీద అంకెలు చూడండి. 5–1000 మెగాహెర్ట్జ్ అని ఉంటే అది కేబుల్ టీవీది. మన సిగ్నల్ 950 నుంచి 2150 దాకా ఉంటుంది కదా, దాదాపు అంతా ఆ పరిధికి బయటే, చాలా ఛానళ్లు అక్కడే ఆగిపోవచ్చు. 2400 వరకు రాసి ఉన్నది, కరెంటు దాటనిచ్చేది కావాలి. రెండు దారుల స్ప్లిటర్ పెడితే ఒక్కో గదికి సగం కంటే కాస్త తక్కువ సిగ్నల్ చేరుతుంది. నాలుగు దారులదైతే అందులోనూ సగం.

[దృశ్యం: కేబుల్ చుట్ట. కత్తి, కటింగ్ ప్లయర్, ఎఫ్ కనెక్టర్లు.]

ఇక కేబుల్. ఎక్కువ ఇళ్లలో బొమ్మ పాడయ్యేది ఇక్కడే, కానీ దీన్ని ఎవరూ చూడరు. ఆర్‌జీ-6 అనే రకం వాడండి, రాగి తీగ ఉన్నది. సీసీ కెమెరాలకు వేయగా మిగిలిన సన్న వైరు ఉంది కదా అని ఇందులో వాడేయకండి, నష్టం ఎక్కువ. మంచి ఆర్‌జీ-6లో వంద మీటర్లకు వెయ్యి మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ (సిగ్నల్ నష్టాన్ని కొలిచే లెక్క) పోతాయి, 2150 దగ్గర 30 దాకా. డాబా నుంచి కింద గది దాకా ఇక్కడ 25 మీటర్లు పట్టింది. అంటే 5 నుంచి 8 డెసిబెల్స్ మధ్య. ఎల్‌ఎన్‌బీ ఇచ్చే బలం ముందు అది లెక్కలోకి రాదు. అంకుల్ అనుమానం కింద గది దూరం మీద. నా అనుమానం దారిలో ఉన్న అతుకుల మీద.

[దృశ్యం: మెట్ల కింద, టేపు చుట్టిన పాత అతుకు. టేపు విప్పితే పచ్చగా చిలుమెక్కిన తీగ.]

ఇదిగో. రెండు వైర్లు మెలితిప్పి నల్ల టేపు చుట్టారు. ఎండాకాలం హైదరాబాద్ డాబా మీద ఆ టేపు జిగురు కారిపోతుంది, జూన్‌లో నీళ్లు లోపలికి దిగుతాయి. ఒకసారి నీళ్లు దిగిన కేబుల్‌ను ఆరబెట్టినా బాగుపడదు. ఆ ముక్క కోసి పారేయాల్సిందే. మధ్యలో అతుకు లేకుండా ఒక్కో గదికి ఒక్కో పూర్తి కేబుల్ లాగండి.

కనెక్టర్ బిగించేటప్పుడు మధ్య రాగి తీగ అంచు దాటి రెండు, మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి. చుట్టూ ఉండే జాలీ తీగల్లో ఒక్క పోగు దానికి తగిలినా షార్ట్ అవుతుంది. బాక్స్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసేశాకే ఈ పని చేయండి. ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్‌ను ఒక చుట్టు కిందికి వేలాడేలా వదిలితే వాన నీరు అక్కడి నుంచి జారిపోతుంది, కనెక్టర్‌లోకి పాకదు.

పాత ఫ్లాట్లలో గోడలోని టీవీ పాయింట్లు ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసుగా కలిపి ఉంటాయి. కేబుల్ టీవీ కోసం అలా వేశారు. డిష్‌కు అవి పనికిరావు. పైపు మాత్రం వాడుకోండి, అందులోంచి కొత్త వైరు లాగొచ్చు.

[దృశ్యం: డాబా. చేతిలో ఫోన్, దిక్సూచి తెరిచి ఉంది.]

డిష్ దిక్కు. జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. హైదరాబాద్ నుంచి చూస్తే అది ఆగ్నేయంలో, దిక్సూచిలో 138 డిగ్రీల దగ్గర. వాస్తు చూసి కట్టిన ఇల్లయితే వంటగది ఉన్న మూల అన్నమాట. ఇనుప కడ్డీల పక్కన ఫోన్ దిక్సూచి తప్పు చూపిస్తుంది, నాలుగడుగులు జరిగి చూడండి. ఎత్తు దాదాపు 63 డిగ్రీలు, అంటే బాగా పైకి. డిష్ చూడటానికి అంత పైకి ఉన్నట్టు కనిపించదు. దాని తయారీయే అలాంటిది, కంగారు పడకండి.

ఈ ఎత్తు వల్ల మనకో మేలుంది. డిష్ కంటే పది అడుగులు ఎత్తున్న గోడ ఆగ్నేయంలో ఉన్నా, ఐదారు అడుగులు ఎడం ఉంటే సిగ్నల్ దాని మీదుగా వచ్చేస్తుంది. ఎత్తులో సగం దూరం, ఇంకొంచెం. వాటర్ ట్యాంకుకైనా, పక్కింటి వేప చెట్టుకైనా ఇదే లెక్క. చెట్టు మాత్రం ఏటా పెరుగుతుంది, అది గుర్తుంచుకోండి.

తిప్పేటప్పుడు బాక్స్‌లో రెండు గీతలు కనిపిస్తాయి, స్ట్రెంత్, క్వాలిటీ. స్ట్రెంత్ చూసి మోసపోవద్దు. డిష్ ఎటు తిరిగి ఉన్నా అది ఎంతో కొంత చూపిస్తుంది. సరైన ఉపగ్రహం దొరికితేనే క్వాలిటీ లేస్తుంది. అది లేచాక ఎల్‌ఎన్‌బీని కూడా దాని పట్టీలో కొద్దికొద్దిగా తిప్పండి. మన దగ్గర అది నిటారుగా ఉండకూడదు, కాస్త ఓరగా ఉంటేనే క్వాలిటీ ఇంకా పెరుగుతుంది.

“బూస్టర్ ఒకటి తగిలిస్తే పోలా?” అని అంకుల్ మళ్లీ అడుగుతున్నారు. అపార్ట్‌మెంట్‌లో యాభై, అరవై మీటర్లు లాగాల్సి వస్తే పెట్టొచ్చండీ. అదీ డిష్ దగ్గర, పైన. కింద టీవీ వెనకాల పెడితే దారిలో కలిసిన గోలను కూడా అది పెంచుతుంది. వంకర డిష్‌ను ఏ బూస్టరూ సరిచేయలేదు.

ప్రైవేట్ డీటీహెచ్ వాళ్లకు ఒక్క మాట. వైరింగ్ పద్ధతి ఇదే, కానీ ఉపగ్రహం వేరు. టాటా ప్లే 83 డిగ్రీల దగ్గర, ఎయిర్‌టెల్ 108.2 దగ్గర. డిష్ దిక్కు మారుతుంది, ప్రతి గదిలోని బాక్స్‌కూ వేరే కనెక్షన్ తీసుకోవాలి. అదే ఫ్రీ డిష్ అయితే, టీవీలోనే శాటిలైట్ ట్యూనర్ ఉంటే ఎన్‌క్రిప్షన్, అంటే తాళం, లేని ఛానళ్లకు బాక్సే అక్కర్లేదు, కేబుల్ నేరుగా పెట్టేయండి.

[దృశ్యం: హాల్లో ఛానళ్లు మారుతున్నాయి. బెడ్‌రూమ్‌లో, కింద గదిలో బొమ్మ కదలకుండా ఉంది.]

మూడూ వచ్చాయి. ఇప్పుడు ఒక మార్కర్ తీసుకుని, ప్రతి గదిలో కేబుల్ చివర ఒక టేపు ముక్క అంటించి, ఈ రోజు తేదీ, క్వాలిటీ ఎంత చూపిస్తోందో రాసి పెట్టండి. సంక్రాంతికి మాంజా తగిలో, కోతులు ఊగో డిష్ కదిలితే మూడు గదుల్లోనూ అంకె పడిపోతుంది. ఒక్క గదిలోనే పడిపోతే తప్పు చాలావరకు ఆ కేబుల్‌దే, డిష్ జోలికి పోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో వడగళ్ల వాన మొదలైందంటే మాత్రం డాబా ఎక్కకండి. ఉరుములు మొదలవకముందే బాక్స్ వెనక కేబుల్ విప్పేసుకుంటే మేలు.